బ్యాటరీలో ఏ నీళ్లు పోయాలి? ముందు ఒక చెంచా నీళ్లు ఇగరబెట్టి చూడండి

ముందుగా ఒక చిన్న పని చేయండి. రెండు స్టీలు చెంచాలు తీసుకోండి. ఒకదాంట్లో మీ ఇంటి నల్లా నీళ్లో బోరు నీళ్లో పోయండి. రెండోదాంట్లో బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. పట్టకారుతో ఒక్కో చెంచా పట్టుకుని సన్నటి మంట మీద నీళ్లు పూర్తిగా ఇగిరిపోయేదాకా ఉంచండి. చల్లారాక వెలుతురులో పెట్టి చూడండి. బోరు నీళ్ల చెంచాలో తెల్లటి చార మిగిలి ఉంటుంది, గోటితో గీకితే పొడిలా రాలుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన చెంచాలో ఏమీ ఉండదు.

నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద మాది బ్యాటరీల షాపు. నాన్న 1994లో పెట్టారు. అప్పట్లో ట్రాక్టరు, లారీ బ్యాటరీలే ఎక్కువగా వచ్చేవి. ఇప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు ఎక్కువ. 2009 నుంచి షాపు నేనే చూసుకుంటున్నాను. "అక్కా, నల్లా నీళ్లు పోస్తే ఏమైతది?" అని కనీసం ఒక్కరైనా అడగని రోజు లేదు. నాన్నను అడిగితే మాటల్లో చెప్పేవారు కాదు. టీ పెట్టే స్టవ్ వెలిగించి ఈ చెంచాల పరీక్ష చేసి చూపించేవారు. చూసినవాళ్లు మళ్లీ అడిగేవాళ్లు కాదు.

ఆ తెల్లటి చారే బ్యాటరీలో పేరుకుంటుంది. ఛార్జి ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి నీళ్లు పోతాయి, వాటిలో కరిగి ఉన్న ఉప్పు పోదు. మళ్లీ నీళ్లు పోస్తాం, మళ్లీ ఉప్పు చేరుతుంది. లెక్క వేసి చూడండి. మా షాపు బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 900 చుట్టూ ఉంటుంది. అంటే లీటరు నీళ్లలో 0.9 గ్రాముల లవణాలు. ఒక ఇన్వర్టర్ బ్యాటరీ ఏడాదికి మూడు లీటర్లు తాగిందనుకుంటే 2.7 గ్రాములు. ఐదేళ్లకు 13.5 గ్రాములు, అంటే రెండు టీ చెంచాల ఉప్పు పైనే. ఒకేసారి రెండు చెంచాల ఉప్పు తెచ్చి బ్యాటరీలో వేయమంటే ఎవరైనా వేస్తారా? నెలకు కాస్త చొప్పున వేస్తుంటే మాత్రం తెలియదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటి చెప్పాలి. జిరాక్స్ షాపు నడిపే ఒక తమ్ముడు 2017 మేలో మా దగ్గరే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే లెక్క) ట్యూబులర్ బ్యాటరీ కొన్నాడు. 2019 మార్చిలో దాన్ని ఆటోలో వేసుకుని వచ్చాడు. కరెంటు పోతే మూడు గంటలు రావాల్సింది, పావుగంటకే ఇన్వర్టర్ కూత పెడుతోందట. కొని 22 నెలలే అయింది.

బ్యాటరీ పైభాగం శుభ్రంగా తుడిచి ఉంది. టెర్మినళ్లకు, అంటే వైర్లు బిగించే కొమ్ములకు, వాసలిన్ రాసి ఉంది. మూతలు తీసి టార్చి వేసి చూస్తే ఆరు సెల్లుల్లోనూ, అంటే లోపలి ఆరు గదుల్లోనూ, నీళ్లు సరిగ్గా గీత దగ్గరే ఉన్నాయి. "ప్రతి నెలా ఒకటో తారీఖున పోస్తున్నా అక్కా, ఒక్కసారి కూడా తప్పలేదు" అన్నాడు. ఏ నీళ్లని అడిగితే షాపు వెనక బోరు నీళ్లన్నాడు. ఒక సీసాలో తెప్పించి టీడీఎస్ మీటరు పెడితే 940 చూపించింది. ఆ నీళ్లు పట్టే బకెట్టుకు ఎర్రటి చార పడుతుందని కూడా చెప్పాడు. ఎర్రటి చార ఉందంటే నీళ్లలో ఇనుము ఉన్నట్టు.

ఫుల్ ఛార్జి చేసి హైడ్రోమీటరుతో గ్రావిటీ చూశాను. గ్రావిటీ అంటే లోపలి యాసిడ్ నీళ్ల చిక్కదనం, ఛార్జి ఉంటే ఎక్కువ చూపిస్తుంది, దిగితే తగ్గుతుంది. 1220, 1215, 1225, అలా ఉన్నాయి. మరీ అన్యాయంగా లేవు. వైర్లు విప్పేసి, ఏ లోడూ లేకుండా ఒక మూలన పెట్టాను. వారం తర్వాత అవే సెల్లులు 1165, 1155, 1170కి దిగాయి. మంచి బ్యాటరీ వారం రోజులు ఊరికే ఉంటే నాలుగైదు పాయింట్లు దిగితే ఎక్కువ. ఇది యాభై పాయింట్లకు పైగా దిగింది. ఎవరూ వాడకుండానే లోపల ఛార్జి అయిపోతోంది. హైడ్రోమీటరులోకి పీల్చిన యాసిడ్ తేటగా లేదు, గిన్నెలు కడిగిన నీళ్లలా బూడిద రంగులో ఉంది.

అతను పట్టించుకోకుండా వదిలేసి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. నెలనెలా మర్చిపోకుండా పోశాడు, పోసిన ప్రతిసారీ చెడే చేశాడు. కొన్న రోజున ఏ నీళ్లు పోయాలో నేను గట్టిగా చెప్పి ఉంటే ఆ బ్యాటరీ ఇంకో మూడేళ్లు నడిచేది. ఆ తర్వాత షాపు నుంచి ఏ బ్యాటరీ బయటికి వెళ్లినా నీళ్ల సంగతి చెప్పకుండా పంపలేదు. ఇది రాయడం కూడా అందుకే.

లోపల జరిగేది ఏమిటి

బ్యాటరీలో సీసం ప్లేట్లు ఉంటాయి, అవి గంధకామ్లం కలిపిన నీళ్లలో మునిగి ఉంటాయి. ఛార్జి ఎక్కడం పూర్తి కావచ్చే సమయానికి, అంటే 12 వోల్టుల బ్యాటరీ 14.1 నుంచి 14.4 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి, ఎక్కే కరెంటులో కొంత నీళ్లను విడగొట్టడం మొదలుపెడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకి వచ్చి మూతల్లోని సన్నటి రంధ్రాల గుండా వెళ్లిపోతాయి. చెవి దగ్గర పెడితే సన్నగా సోడా బుడగల్లాంటి చప్పుడు వినిపిస్తుంది. ఇలా పోయేది నీళ్లే, యాసిడ్ అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గినప్పుడు పోయాల్సింది కూడా నీళ్లే.

ఉప్పు నీళ్లు అనగానే మనకు వాటర్ హీటర్ రాడ్డుకు పట్టే తెల్లటి పెచ్చు గుర్తొస్తుంది. అది కాల్షియం. బ్యాటరీలో కాల్షియం యాసిడ్‌తో కలిసి సున్నపు మడ్డిలా మారుతుంది, దానివల్ల కొంత నష్టం ఉంది. అసలు దెబ్బ కంటికి కనిపించని రెండింటి వల్ల పడుతుంది. ఒకటి ఇనుము. అది పాజిటివ్ ప్లేటు దగ్గర ఒక రూపం, నెగటివ్ ప్లేటు దగ్గర ఇంకో రూపం తీసుకుంటూ రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ కొంచెం ఛార్జి ఖర్చయిపోతుంది. చిల్లు పడిన బిందెలో నీళ్లు నింపినట్టే. జిరాక్స్ షాపు బ్యాటరీకి జరిగింది అదే. రెండోది క్లోరైడ్. మామూలు ఉప్పులో ఉండేదే, బోరు నీళ్లలోనూ నల్లా నీళ్లలోనూ ఉంటుంది. అది పాజిటివ్ ప్లేటులోని సీసాన్ని కొరుకుతుంది. ట్యూబులర్ బ్యాటరీలో ఒక్కో ట్యూబు మధ్యలో సన్నటి సీసం ఊచ ఉంటుంది, కరెంటు దాని గుండానే నడుస్తుంది. క్లోరైడ్ తిని ఆ ఊచ పలచబడితే చుట్టూ ఛార్జి దాచుకునే పదార్థం ఎంత ఉన్నా లాభం లేదు.

ఇవేవీ ఒక్క రోజులో జరగవు. అందుకే "నేను ఎప్పుడూ నల్లా నీళ్లే పోస్తా, ఏమీ కాలేదు" అనేవాళ్లు కనిపిస్తుంటారు. వాళ్ల నల్లా నీళ్లు మంచివై ఉండవచ్చు, బ్యాటరీ నీళ్లు తక్కువ తాగి ఉండవచ్చు. ఐదేళ్లు రావాల్సింది మూడేళ్లే వచ్చిందని లెక్క చూసుకునేవాళ్లు తక్కువ. బ్యాటరీ పోయినప్పుడు కంపెనీని అంటారు, ఇన్వర్టర్ను అంటారు, నీళ్లను ఎవరూ అనుమానించరు.

మన దగ్గర దొరికే నీళ్లు

టీడీఎస్ మీటరు ఆన్‌లైన్లో రెండు మూడు వందల్లో దొరుకుతుంది. ఇంట్లో ఒకటి ఉంచుకోవడం మంచిది. గ్లాసులో నీళ్లు తీసుకుని కొసను ముంచితే నంబరు చూపిస్తుంది. నీళ్లలోనే ముంచాలి, బ్యాటరీలోని యాసిడ్‌లో ఎప్పుడూ ముంచకండి.

బ్యాటరీలో పోసే నీళ్లకు మన దేశంలో ఐఎస్ 1069 అని విడిగా ఒక ప్రమాణం ఉంది. తాగే నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500. అందులో టీడీఎస్ 500 దాకా ఫర్వాలేదంటారు, వేరే దారి లేకపోతే 2000 దాకా కూడా ఒప్పుకుంటారు. మనిషి తాగడానికి 300 ఉన్న నీళ్లు చక్కటి నీళ్లు. బ్యాటరీకి అవే నీళ్లు మురికి నీళ్లు. తాగేవి మంచివైతే బ్యాటరీకీ మంచివేనని అనుకోవడం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు.

బోరు నీళ్లు, నల్లా నీళ్లు వద్దని ఇప్పటికే చెప్పాను. కాచి చల్లార్చిన నీళ్లు పోస్తున్నామని కొందరు ధీమాగా చెబుతారు. కాస్తే క్రిములు చస్తాయి, కాస్త సున్నం గిన్నెకు పట్టుకుంటుంది, మిగతా ఉప్పంతా నీళ్లలోనే ఉంటుంది. పైగా నీళ్లు కొన్ని ఆవిరైపోతాయి కాబట్టి మిగిలినవి ఇంకా చిక్కబడతాయి. అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ నీళ్లు కూడా పనికిరావు. అది కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు బాగా నురగ వస్తుంది, మీటరులో నంబరు మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

ఫిల్టర్ నీళ్లు, అంటే 20 లీటర్ల క్యాన్లలో వచ్చే ఆర్ఓ నీళ్ల సంగతి ఎక్కువమంది అడుగుతారు. మా వీధిలో వచ్చే క్యాను ఒకసారి 40 చూపిస్తుంది, ఒకసారి 110. రుచి కోసం కొన్ని ప్లాంట్లలో కొంచెం మామూలు నీళ్లు కలుపుతారు కూడా. బోరు నీళ్లకన్నా ఎంతో నయం. కానీ లీటరు డిస్టిల్డ్ వాటర్ 20, 30 రూపాయలకు దొరుకుతుంటే, 15 వేలు పెట్టి కొన్న బ్యాటరీకి వీటిని అలవాటు చేయడం ఎందుకు?

ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లు హైదరాబాదులో చాలామంది ఉన్నారు. గాలిలోని తేమే చల్లబడి నీళ్లవుతుంది కాబట్టి అవి డిస్టిల్డ్ వాటరేనని వాళ్ల వాదన. పుట్టినప్పుడు నిజమే. అక్కడి నుంచి రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీదుగా, దుమ్ము, నాచు పట్టిన పైపులోంచి జారి వస్తాయి. మీటరులో 20, 30 చూపించినా అందులో ఉన్నది ఏమిటో మీటరు చెప్పదు. రాగి కొంచెం చేరినా బ్యాటరీ ఊరికే ఛార్జి దిగిపోతుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. నేనైతే పోయను, పోయమని చెప్పను.

మరి ఊళ్లో షాపు లేదు, ప్లేట్లు బయటికి కనిపిస్తున్నాయి, రేపటిదాకా డిస్టిల్డ్ వాటర్ దొరకదు. అప్పుడేం చేయాలి? ప్లేట్లు గాలికి ఎండిపోవడం ఒకసారి కాస్త చెడ్డ నీళ్లు పడటం కన్నా పెద్ద నష్టం. ఎండిన భాగం గట్టిపడి మళ్లీ ఛార్జి తీసుకోదు. అలాంటప్పుడు దొరికిన వాటిలో టీడీఎస్ తక్కువున్న నీళ్లు, అంటే ఆర్ఓ నీళ్లో, ఆరుబయట ప్లాస్టిక్ గిన్నెలో నేరుగా పట్టిన వాన నీళ్లో, ప్లేట్లు మునిగేంత వరకే పోయండి. వాన నీళ్లు పట్టేటప్పుడు మొదటి పావుగంట వాన వదిలేయండి. రేకుల మీద నుంచి జారినవి వద్దు. మిగతాది మర్నాడు మంచి నీళ్లతో నింపండి.

డిస్టిల్డ్ వాటర్ కొనేటప్పుడు సీలు చూడండి. బాటిల్ మీద డీమినరలైజ్డ్ అనో డీఎం వాటర్ అనో రాసి ఉంటే కంగారు పడకండి. కాచి ఆవిరి పట్టినా, రెసిన్ల గుండా పంపి లవణాలు తీసేసినా బ్యాటరీకి రెండూ ఒకటే. మీటరులో 5 లోపు చూపిస్తే తీసుకోండి. ఒకసారి ఒక డీలరు తక్కువ ధరకు ఇస్తున్నాడని నేను రెండు పెట్టెలు తీసుకున్నాను. అనుమానం వచ్చి మీటరు పెడితే 62. అది ఫిల్టర్ నీళ్లు బాటిల్లో నింపి అమ్మడమే. రెండు పెట్టెలూ వెనక్కి పంపాను. అప్పటి నుంచి కొత్త పెట్టె వచ్చిన ప్రతిసారీ ఒక బాటిల్ తెరిచి చూస్తాను.

తెరిచిన బాటిల్ మూత బిగించి పెట్టండి. స్టీలు చెంబులోకో రాగి చెంబులోకో వంపి ఉంచకండి.

పోసే పద్ధతి

మీ బ్యాటరీకి నీళ్లు పోసే మూతలు ఉన్నాయా లేదా ముందు చూసుకోండి. స్కూటీలు, యూపీఎస్‌లలో వచ్చే సీల్డ్ బ్యాటరీలకు నీళ్లు పోయకూడదు, వాటిని తెరిచే ప్రయత్నమే చేయకండి.

కరెంటు బాగా ఉన్న రోజు చూసుకుని, బ్యాటరీ ఫుల్ ఛార్జి అయ్యాక నీళ్లు పోయాలి. ఛార్జి ఎక్కేకొద్దీ లోపలి నీటి మట్టం కొంచెం పైకి వస్తుంది. ఛార్జి లేనప్పుడు గీత దాకా నింపితే ఛార్జి ఎక్కాక మూతల్లోంచి పొంగుతుంది. పొంగి పోయేది ఉత్త నీళ్లు కాదు, యాసిడ్ కలిసిన నీళ్లు. ఆ పోయిన యాసిడ్ మళ్లీ రాదు, నేల మీద గ్రానైటు కూడా పాడవుతుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం ఛార్జి కోసం ఆగకండి. అవి మునిగేంత పోసి, ఛార్జి పెట్టి, నిండాక మిగతాది పోయండి.

ఇన్వర్టర్ స్విచ్ ఆపండి. గోడ దగ్గర మెయిన్ కూడా ఆపండి. కిటికీలు తీసి అరగంట ఆగండి, లోపలి గ్యాసు పోవాలి. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పూజగదిలోనో మెట్ల కిందో బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు దీపం, అగరబత్తి దూరంగా పెట్టండి. బీడీ, సిగరెట్ అసలు వద్దు. లోపల చూడటానికి టార్చి వాడండి, అగ్గిపుల్ల గీసి చూసినవాళ్లను నేను ఎరుగుదును. గాజులు, ఉంగరాలు, మెడలో వేలాడే గొలుసు తీసి పక్కన పెట్టండి. రెండు టెర్మినళ్లకూ ఒక గాజు తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. షాపులో ఉన్నంతసేపు నా గాజులు గల్లాపెట్టెలో ఉంటాయి. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు గ్లవ్స్ ఉంటే మంచిది. పాత బట్టలు వేసుకోండి. నూలు బట్ట మీద యాసిడ్ చుక్క పడితే అప్పుడేమీ కనిపించదు, ఉతికినప్పుడు చిల్లు పడుతుంది.

మూతలు తీసేముందు పైభాగం తడిగుడ్డతో తుడవండి. చాలామంది ఈ పని మూతలు పెట్టాక చేస్తారు. మూతల చుట్టూ ఉన్న దుమ్ము తీసేటప్పుడే లోపల పడుతుంది, అంత మంచి నీళ్లు పోసి పైన దుమ్ము వేస్తే ఏం లాభం?

ట్యూబులర్ బ్యాటరీలో ఒక్కో సెల్లుకు తేలే పుల్ల ఉంటుంది. ఎరుపు కనిపించే దగ్గరికి దిగితే నీళ్లు కావాలి, ఆకుపచ్చ దగ్గర ఆపాలి. కారు, ట్రాక్టరు బ్యాటరీలకు డబ్బా పక్కన రెండు గీతలుంటాయి, పై గీత దాటకూడదు. పుల్ల ఒక్కోసారి ఇరుక్కుంటుంది. వేలితో మెల్లగా నొక్కి వదిలితే తేలుతుందో లేదో తెలుస్తుంది.

ప్లాస్టిక్ గరాటు వాడండి, ఇనుపదీ రేకుదీ వద్దు. కొంచెం కొంచెంగా పోస్తూ పుల్లను చూస్తుండండి. ఆరు సెల్లులు ఆరు విడి గదులు. ఒకదాంట్లో పోస్తే పక్కదాంట్లోకి వెళ్లదు. మొదటి మూత తీసి బాటిలంతా అందులోనే వంపేసి, పొంగుతుంటే "నిండింది" అనుకున్న పెద్దాయన ఒకరు మా దగ్గరికి వచ్చారు. మిగతా ఐదు సెల్లులూ ఎండిపోయి ఉన్నాయి. ఒక్కో సెల్లుకు ఎంత పట్టిందో గమనించండి, తర్వాత అది పనికొస్తుంది.

పోసిన వెంటనే గ్రావిటీ చూడకండి. కొత్త నీళ్లు పైనే తేలుతుంటాయి, హైడ్రోమీటరు తప్పు చూపిస్తుంది. ఏడెనిమిది గంటలు ఛార్జి ఎక్కి బుడగలు వచ్చి లోపల కలిశాకే చూడాలి. హైడ్రోమీటరును నిటారుగా పట్టుకుని, లోపలి పుల్ల గోడకు తగలకుండా, కంటికి ఎదురుగా పెట్టి చదవండి. ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ ఫుల్ అయితే 1240 దగ్గర ఉండాలి. అసలు అంకె 1.240, షాపుల్లో అందరం పన్నెండు నలభై అంటాం. ఆరు సెల్లుల మధ్య తేడా 30 పాయింట్లు దాటితే తక్కువున్న సెల్లులో ఏదో లోపం ఉందని అర్థం.

మూతలు పెట్టి, పైన పడిన చుక్కలు తుడిచి, ఆ గుడ్డను విడిగా ఉతకండి. నేల మీద యాసిడ్ పడితే వంట సోడా చల్లండి, నురగ ఆగాక కడగండి. ఒంటి మీద పడితే ఆలోచించకుండా నల్లా కింద పెట్టండి. అప్పుడు నల్లా నీళ్లే కావాలి. కంట్లో పడితే పావుగంట ఆపకుండా నీళ్లు కొడుతూనే ఉండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం తినకండి, సీసం విషం.

యాసిడ్ పోయమని ఎవరైనా చెబితే

బ్యాటరీ బ్యాకప్ తగ్గింది, గ్రావిటీ తక్కువ చూపిస్తోంది, కాస్త యాసిడ్ పోస్తే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. పోసిన రోజు హైడ్రోమీటరు 1240 చూపిస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. గ్రావిటీ తగ్గిందంటే యాసిడ్ ఎక్కడికో పోయిందని అర్థం కాదు. అది సల్ఫేటు రూపంలో ప్లేట్ల మీదే ఉంది. ఛార్జి పూర్తిగా ఎక్కిస్తే తిరిగి నీళ్లలోకి వస్తుంది. పైనుంచి ఇంకా యాసిడ్ పోస్తే ఛార్జి ఎక్కినప్పుడు మరీ చిక్కబడి ప్లేట్లను తింటుంది. బ్యాటరీ పడిపోయి యాసిడ్ ఒలికితే తప్ప, మామూలుగా ఇంట్లో యాసిడ్ పోయాల్సిన పని ఉండదు. ఒలికినప్పుడు కూడా షాపులో చేయించండి, ఇంట్లో యాసిడ్ కలపడం పెట్టుకోవద్దు.

ఇప్పటికే నల్లా నీళ్లు పోసేశారా? ఒకటి రెండుసార్లయితే టెన్షన్ పడకండి. ఇవాళ్టి నుంచి డిస్టిల్డ్ వాటరే పోయండి, అంతే. బ్యాటరీని బోర్లించి కడిగేద్దామనుకోకండి. అడుగున చేరిన మడ్డి పైకి వచ్చి ప్లేట్ల మధ్య ఇరుక్కుంటుంది, అప్పుడు సెల్లు షార్టవుతుంది. రెండు మూడేళ్లుగా పోస్తూ ఉంటే ఫుల్ ఛార్జి చేసి, వైర్లు తీసి, వారం ఆగి గ్రావిటీ ఎంత దిగిందో చూడండి. నేను జిరాక్స్ షాపు బ్యాటరీకి చేసినట్టే. ఎంత పాడైందో అందులో తెలిసిపోతుంది.

నీళ్లు ఎక్కువ తాగుతుంటే

నాకు ముఖ్యమనిపించే సంగతి ఇంకొకటి. మంచి నీళ్లే పోస్తున్నా నెల తిరక్కుండా అడుగంటుతున్నాయంటే తప్పు నీళ్లలో లేదు, ఛార్జరులో ఉంది. బ్యాటరీ నిండిన తర్వాత కూడా ఒక ఆంపియర్ ఒక గంట ఎక్కితే ఒక్కో సెల్లులో మిల్లీలీటరులో మూడో వంతు నీళ్లు పోతాయి. ఆరు సెల్లులకు రెండు మిల్లీలీటర్లు. అలా రోజుకు పది గంటలు ఎక్కుతుంటే రోజుకు 20, నెలకు 600 మిల్లీలీటర్లు. అంటే నెలకు అర లీటరు పైనే తాగుతుంటే బ్యాటరీ నిండాక కూడా ఆపకుండా ఎక్కిస్తున్నారన్నమాట. నిండిన తర్వాత వోల్టు మీటరు పెట్టి చూడండి. 13.5, 13.8 మధ్య నిలబడాలి. రోజంతా 14.4 పైనే ఉంటే ఇన్వర్టర్ చూపించండి. పాత ఇన్వర్టర్లకు వెనక బ్యాటరీ రకం మార్చే స్విచ్ ఉంటుంది, ఒక రకం బ్యాటరీ తీసి ఇంకో రకం పెట్టినప్పుడు దాన్ని కూడా మార్చారా అని అడగండి.

ఐదు సెల్లులు ఒకేలా తాగుతూ ఒక్కటి మాత్రం అస్సలు తాగకపోతే, లేదా ఒక్కటే వేడెక్కుతుంటే, ఆ సెల్లు పోతోంది. అందుకే ఎంత పట్టిందో గమనించమన్నాను.

మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44 దాటుతుంది. ఆ రెండు నెలలు పదిహేను రోజులకోసారి పుల్లలు చూడండి. మిగతా ఏడాదంతా నెలకోసారి చూస్తే చాలు. చూడటం నెలకోసారి, పోయడం మాత్రం తగ్గినప్పుడే. ఒకటో తారీఖు వచ్చిందని గీత దగ్గరున్నదాంట్లో ఇంకొంచెం పోయకండి.

జిరాక్స్ షాపు తమ్ముడికి 2019 మార్చిలో ఇచ్చిన కొత్త బ్యాటరీకి ఒక అట్టముక్క దారంతో కట్టి ఇచ్చాను. తారీఖు, ఆరు సెల్లులకు కలిపి ఎన్ని మిల్లీలీటర్లు, ఫుల్ అయ్యాక గ్రావిటీ. మూడే గడులు. రాసేటప్పుడు పెన్ను కాకుండా పెన్సిల్ వాడమన్నాను, యాసిడ్ తేమకు సిరా పోతుంది. 2024 జూన్‌లో వాళ్ల షాపుకు వెళ్లినప్పుడు నేనే హైడ్రోమీటరు పెట్టి చూశాను. ఆరు సెల్లుల్లో ఒక్కటీ 1225కు తగ్గలేదు, యాసిడ్ తేటగా ఉంది. అట్టముక్క ముందువైపు నిండిపోయి, వెనక్కి తిప్పి రాస్తున్నాడు.